లించ్‌బర్గ్ బోధకుడు జెర్రీ ఫాల్వెల్ (1933–2007)

ఈ శతవార్షికోత్సవ సంచికలో మన గురువులను, మిషనరీలను, బైబిలు స్త్రీలను గూర్చి పలువురు వ్రాయుచున్నారు. మేము మాత్రము మన సంఘశాఖకు చెందని ఒక అమెరికా బాప్తిస్టు బోధకుని జీవితమును ఎన్నుకొన్నాము. ఎన్నికలు వచ్చినప్పుడెల్లా, గురువుగారు ఫలానా పార్టీకి మాట సాయము చేయవచ్చునా అను ప్రశ్న మన పాస్టరేట్లలోను లేచుచుండును. ఆ ప్రశ్నకు ఈయన తన జీవితములో రెండు జవాబులు ఇచ్చారు. ఆ రెండును ఒకదానికొకటి పొసగనివి.

జెర్రీ ఫాల్వెల్ గారు 1933 ఆగస్టు 11న వర్జీనియా రాష్ట్రములోని లించ్‌బర్గ్ పట్టణములో కవలలలో ఒకరుగా పుట్టారు. తండ్రి కేరీ ఫాల్వెల్ దేవుని లక్ష్యపెట్టని వ్యాపారి. మద్యనిషేధ కాలములో దొంగసారా అమ్మినవాడు. 1931లో ఆత్మరక్షణ కొరకు సొంత తమ్ముని కాల్చి చంపవలసి వచ్చెను. ఆ దుఃఖమును త్రాగుడులో ముంచి, కాలేయము చెడి 1948లో చనిపోయాడు. తల్లి హెలెన్ అమ్మగారు భక్తిపరురాలు. ఆదివారము ఉదయమున గుడికి రానని మంచము దిగని కుమారులతో ఆమె వాదించలేదు. చార్లెస్ ఫుల్లర్ గారి రేడియో ప్రసంగమును ఇల్లంతా వినబడునట్లు పెట్టి, వంట చేసికొనుచుండెడిది. ఆ రేడియో మాటలే 1952 జనవరిలో ఆ యువకుని రక్షణకు నడిపించినవి. తన ఆత్మను పట్టినది గుడి గోడల మధ్య మాట కాదు, గాలిలో వచ్చిన మాట అన్న సంగతిని ఆయన ఎన్నడును మరువలేదు.

మిస్సోరీలోని బైబిలు కళాశాలలో చదువు ముగించి, 1956లో స్వంత ఊరిలో 35 మంది పెద్దలతో థామస్ రోడ్ బాప్తిస్టు సంఘమును ప్రారంభించారు. సోడాలు నింపే పాత ఫ్యాక్టరీ కట్టడమే వారి మొదటి ఆలయము. నేలకు అంటిన తీపి పాకమును గీకి తీయవలసి వచ్చినదట. ఆ సంవత్సరమే రేడియోలోను, స్థానిక టెలివిజన్‌లోను బోధ మొదలుపెట్టారు. త్రాగుబోతుల కొరకు 1959లో ఒక ఆశ్రమము తెరిచారు. తండ్రి గతి తెలిసినవారికి దీని కారణము వేరే చెప్పనక్కరలేదు.

టెలివిజన్ పరిచర్య పెరిగిన తీరు గ్రహించవలసినది. అమెరికాలో మొదట టెలివిజన్ స్టేషన్లు పెద్ద సంఘశాఖలకు ఉచితముగా సమయమిచ్చెడివి. 1960లో ప్రభుత్వ ప్రసార సంఘము, డబ్బు తీసికొని ఇచ్చిన సమయమును కూడ ప్రజాసేవ క్రింద లెక్కించవచ్చునని చెప్పినది. అప్పటినుండి సమయము కొనగలవారిదే తెర. కొనుటకు డబ్బు కావలెను; డబ్బుకు ప్రేక్షకులను అడుగవలెను; అడుగుటకు వారి చిరునామాలు కావలెను. ఆ విధముగా ఫాల్వెల్ గారి ఓల్డ్ టైమ్ గాస్పెల్ అవర్ కార్యక్రమమునకు లక్షల కుటుంబముల చిరునామాలు కంప్యూటరులలో చేరినవి. కానుక అడుగుటకు కూర్చిన ఆ జాబితాయే తరువాత ఓటు అడుగుటకు పనికివచ్చినది. (1973లో సంఘ బాండ్ల అమ్మకముపై ప్రభుత్వము వ్యాజ్యము వేసినది. కోర్టు ఉద్దేశపూర్వకమైన మోసము లేదన్నది గాని, లెక్కలను ఐదుగురు వ్యాపారస్తుల చేతికి అప్పగించవలసి వచ్చెను.)

ఇప్పుడు ఆ రెండు జవాబులకు వద్దాము. 1965 మార్చి 21న, నీగ్రో సహోదరుల ఓటు హక్కు కొరకు మార్టిన్ లూథర్ కింగ్ గారు సెల్మా నుండి పాదయాత్ర బయలుదేరిన దినముననే, ఫాల్వెల్ గారు తన వేదికమీద నుండి బోధకుల పని ఆత్మల సంపాదనే గాని రాజకీయము కాదని ప్రసంగించారు. అంతకు ఏడేండ్ల ముందు వర్ణభేదమును సమర్థించినవారు ఆయనే. 1967లో ఆయన స్థాపించిన పాఠశాలను తెల్లవారి బిడ్డల బడియని పత్రికలు వ్రాసినవి. తరువాత ఆ అభిప్రాయములను ఆయన విడిచిపెట్టి, తప్పని ఒప్పుకొన్నారు. ఇది వ్రాయకపోవుట న్యాయము కాదు. అయితే రాజకీయము వద్దన్న బోధ, పీడితులు వీధిలోనికి వచ్చినప్పుడే ఆయనకు జ్ఞాపకము రావడము మాకు బాధ కలిగించును.

1970ల చివరికి జవాబు మారినది. గర్భస్రావమును చట్టబద్ధము చేసిన సుప్రీంకోర్టు తీర్పు 1973లో వచ్చినది. ఫాల్వెల్ గారు దానిపై గట్టిగా బోధించినది కొన్నేండ్ల తరువాతనే. ఈలోగా వర్ణభేదము పాటించు ప్రైవేటు పాఠశాలల పన్ను మినహాయింపుపై ప్రభుత్వము కన్ను వేసినది. ఈ పాఠశాలల సంగతియే సువార్తిక సంఘములను కదిలించినదని పాల్ వేరిచ్ అను రాజకీయ నిపుణుడు తరువాత చెప్పాడు. ఈ వేరిచ్ మొదలైనవారితో కలిసి 1979లో ఫాల్వెల్ గారు మోరల్ మెజారిటీ అను సంస్థను స్థాపించారు. గర్భస్రావము, స్వలింగ సంపర్కము, స్త్రీల సమానహక్కుల సవరణ వీటికి విరోధముగాను, పాఠశాలలలో ప్రార్థనకు, దేశరక్షణకు అనుకూలముగాను అది పనిచేసినది. గుడులలో ఓటర్ల పేర్లు నమోదు చేయించినది. ఇతర సంఘములతో కలియని ఈ బాప్తిస్టులు కాథలిక్కులతోను, యూదులతోను, మోర్మనులతోను ఒకే బల్లయొద్ద కూర్చున్నారు. తరంగంబాడిలో 1919లో మొదలైన మన ఐక్యతా చర్చలు 1947 వరకు సాగినవి గదా. ఎన్నికల కొరకైతే ఐక్యత ఎంత త్వరగా కుదిరినదో!

1980లో వారు ఓడింపగోరిన జిమ్మీ కార్టర్ గారు ఆదివారపు బడి ఉపాధ్యాయుడు, బాప్తిస్టు. గెలిపింపగోరిన రోనాల్డ్ రీగన్ గారు విడాకులు పొంది మరల పెండ్లాడిన సినిమా నటుడు. రీగన్ గారే గెలిచారు. ఆ విజయములో బోధకుల వంతు ఎంతయని పండితులు నేటికిని తర్కించుచున్నారు. ఫాల్వెల్ గారు చెప్పిన ప్రేక్షకుల సంఖ్య, కొలత సంస్థల లెక్క కంటె చాల ఎక్కువ. అయినను నాటినుండి రిపబ్లికన్ పార్టీ ఈ ఓటర్లను విడిచి లెక్క వేయలేదు.

1985లో దక్షిణాఫ్రికాకు వెళ్లివచ్చి, ఆ దేశపు బంగారు నాణెములు కొనుడని అమెరికా క్రైస్తవులకు సలహా ఇచ్చారు. నల్లవారి పక్షముగా మాట్లాడుచున్న డెస్మండ్ టూటూ బిషప్పుగారిని బూటకమని నిందించి, తరువాత క్షమాపణ చెప్పారు. ఆంగ్లికన్ సహవాసములోనివారమైన మనకు ఇది మరవరాని సంగతి. మన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1930లలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వద్దన్నారు. అధికారము చేతికి వచ్చు మార్గమునే ఆయన కాదన్నారు.

1987లో జిమ్ బేకర్ అను మరియొక టెలివిజన్ బోధకుడు అపకీర్తి పాలుకాగా, ఆ సంస్థ భారమును ఫాల్వెల్ గారు కొన్ని నెలలు మోశారు. చందాలు చేరిన సంతోషమునకు కోటు తొడుక్కొనియే నీటి జారుడుబల్లపై జారారు. 1988లో ఒక అశ్లీల పత్రికపై వేసిన దావాలో సుప్రీంకోర్టు ఆయనకు విరోధముగా తీర్పు చెప్పినది. 1989లో మోరల్ మెజారిటీని మూసివేశారు. 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత, ఆ విపత్తుకు స్వలింగ సంపర్కులు, స్త్రీవాదులు మొదలైనవారు కొంత కారకులని టెలివిజన్‌లో చెప్పి, మరల క్షమాపణ కోరారు.

2007 మే 15న, 1971లో 154 మంది విద్యార్థులతో ప్రారంభించిన లిబర్టీ విశ్వవిద్యాలయములోని తన కార్యాలయములో స్పృహ తప్పి చనిపోయారు. ఆ ఆవరణలోనే సమాధి చేశారు. సంఘము ఒక కుమారునికి, విశ్వవిద్యాలయము మరియొక కుమారునికి వచ్చినవి. విశ్వవిద్యాలయము చేపట్టిన కుమారుడు 2016 జనవరిలో డోనాల్డ్ ట్రంప్ గారిని బలపరచి, 2020 ఆగస్టులో అపవాదుల మధ్య రాజీనామా చేశాడు.