మాయ అబద్ధం, భయం నిజం

షార్ట్ ఫిలింలు తీసే తమ్ముండ్లకు, చెల్లెండ్లకు నేను చెప్పేది ఒక్కటే: కె.వి. రెడ్డిని ఎరుక చేసుకోండ్రి. 1912ల తాడిపత్రి దిక్కు పుట్టిండు. వాహినిల ప్రొడక్షన్ పనులు చూసుకుంట, ‘భక్త పోతన’తోటి డైరెక్టర్ అయిండు. 1951ల ‘పాతాళభైరవి’, 1957ల ‘మాయాబజార్’ తీసిండు. 1972ల పోయిండు.

వ్యాసుని భారతంల శశిరేఖ పెండ్లి ముచ్చటే లేదు. ఘటోత్కచుడు పెండ్లిపిల్ల లెక్క మారుడు లోకంల జరగదు. అయినా నేను నమ్మిన. ఎందుకంటే, పాండవుల రాజ్యం పోంగనే సంబంధం వద్దన్న తల్లి మన ఊర్లల్ల గూడ ఉన్నది. పెండ్లిపిల్ల మాయదని మనకు ముందే తెలుసు, కౌరవులకు తెల్వదు. ఎప్పుడు బయటపడ్తదో అన్నదే ఉత్కంఠ.

మాయలు ఎన్నన్న పెట్టుండ్రి. మనుషుల మనసును మాత్రం అబద్ధం చెయ్యకుండ్రి.