కనికట్టు తెలిసిన దర్శకుడు కె.వి.రెడ్డి

మేము ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఆదివారం హాస్టల్ టీవీలో 'మాయాబజార్' వచ్చింది. ఘటోత్కచుడు దర్జాగా కూర్చుంటే లడ్డూలు వాటంతట అవే లేచి ఆయన నోట్లోకి పోతున్నాయి. చూస్తున్న మేమంతా నోళ్లు తెరిచాము. (ఆ పూట మా కంచాల్లో ఉన్నది సాంబారన్నం అని వేరే చెప్పనక్కరలేదు.) ఆ రాత్రి స్టడీ అవరంతా ఒకటే తగువు. దారం కట్టి లాగారని ఒకడు, కంప్యూటర్ గ్రాఫిక్స్ అని ఇంకొకడు. 1957లో కంప్యూటర్ ఎక్కడిదిరా అని పదో తరగతి అన్న ఒకరు కసిరేసరికి అందరమూ పుస్తకాలు తెరిచాము. ఆ ప్రశ్న మాత్రం మాతోపాటే యూనివర్సిటీ దాకా వచ్చింది. ఈ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు, ఆ సినిమా తీసిన మన రాయలసీమ మనిషి గురించే రాయాలనిపించింది.

కదిరి వెంకటరెడ్డి 1912 జూలై 1న అనంతపురం జిల్లా తాడిపత్రిలో జన్మించారు. తండ్రిని చిన్నతనంలోనే పోగొట్టుకున్నారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చదివారు. అంత చదువు చదివి ఆయన సినిమాల్లో చేరింది దర్శకుడిగా కాదు, క్యాషియర్‌గా. తాడిపత్రి స్నేహితుడు మూలా నారాయణస్వామి, పులివెందుల ప్రాంతపు బి.ఎన్.రెడ్డి కలిసి నడిపిన వాహినీ సంస్థలో డబ్బు లెక్కలు చూడటం ఆయన పని. 1939లో వచ్చిన 'వందేమాతరం' నాటి నుంచి ఆయన చేతిలో ఉన్నది చిట్టా పుస్తకమే. డిగ్రీ చేతికొచ్చాక చదువుకు సంబంధం లేని పనిలో చేరి మథనపడే అన్నలు మనలో ఎందరో ఉన్నారు. అందుకే ఈ సంగతి దగ్గర మేము కొంచెంసేపు ఆగాము.

1943లో ఆయనకు దర్శకత్వం దక్కింది. సినిమా 'భక్త పోతన'. పోతనగా నటించినవారు మన చిత్తూరు పేరునే ఇంటిపేరు చేసుకున్న నాగయ్యగారు. 1947లో 'యోగి వేమన'లో వేమన కూడా ఆయనే. తాడిపత్రి దర్శకుడు, చిత్తూరు రంగస్థలం మీద పేరు తెచ్చుకున్న నటుడు కలిసి తెలుగువాళ్లకు ఇద్దరు కవులను కళ్లెదుట నిలబెట్టారు. తరువాత 1949లో 'గుణసుందరి కథ', 1951లో విజయా వారి 'పాతాళభైరవి' వచ్చాయి. ఎన్.టి.ఆర్. తోటరాముడు, ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు. అక్కడి నుంచి కె.వి.రెడ్డి పేరు చెబితే మాయలు, మంత్రాలు గుర్తుకు రాసాగాయి. అయితే 1954లో 'పెద్దమనుషులు', 1955లో 'దొంగరాముడు' తీసింది కూడా ఆయనే. వాటిలో మంత్రం లేదు, మనుషులే ఉన్నారు.

ఇక మాయ సంగతి. సినిమాలో కదలిక అనేదే లేదు అంటే తమ్ముళ్లు నమ్మరు. ఫిల్ము మీద ఉండేవన్నీ కదలని బొమ్మలు. సెకనుకు 24 బొమ్మలు తెర మీద పడతాయి. ఒక బొమ్మ జరిగి ఇంకొకటి వచ్చేటప్పుడు షట్టర్ అడ్డుపడి తెర చీకటవుతుంది. మూడు గంటల 'మాయాబజార్'లో రెండున్నర లక్షలకు పైగా బొమ్మలు చూస్తాము. చీకటి ముక్కలన్నీ కలిపితే గంటకు పైగానే చీకటి తెరను చూసి ఉంటాము. ఎవరైనా గమనించామా? కంటి మీద బొమ్మ కాసేపు నిలిచి ఉండటమే దీనికి కారణమని చాలామందిమి నేర్చుకున్నాము. అది సగం మాటే. 1912లో, అంటే కె.వి.రెడ్డి పుట్టిన ఏడాదే, జర్మనీలో మాక్స్ వర్థైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన ప్రయోగాలను ప్రచురించారు. పక్కపక్కన రెండు గీతలను సెకనులో పదహారో వంతు తేడాతో ఒకదాని తరువాత ఒకటి చూపితే, మనకు రెండు గీతలు కనబడవు, ఒకే గీత జరిగినట్లు కనబడుతుంది. జరగని దాన్ని జరిపింది కన్ను కాదు, మెదడు. దానికి ఖాళీ నచ్చదు, కథ కల్పించుకుని పూరిస్తుంది.

కెమెరా మాయలన్నిటికీ ఇదే ఆధారం. నటులను కదలకుండా నిలబెట్టి, కెమెరా ఆపి, ఒక వస్తువు తీసేసి మళ్లీ తిప్పితే అది మాయమవుతుంది. వెనుకా ముందూ ఉన్న బొమ్మలు ఒకేలా ఉన్నాయి గనుక మధ్యలో ఎవరో వచ్చి తీశారన్న ఆలోచనే మెదడుకు రాదు. కెమెరాను తలకిందులు వరుసలో తిప్పితే కింద పడ్డది పైకి లేస్తుంది. లెన్సులో కొంత భాగం మూసి తీసి, ఫిల్మును వెనక్కి తిప్పి, మూసిన భాగం తెరిచి మళ్లీ తీస్తే ఒకే మనిషి పలువురవుతాడు. 1961 నాటి 'జగదేకవీరుని కథ'లో 'శివశంకరీ' పాటలో పాడేదీ, వాద్యాలు వాయించేదీ అందరూ ఎన్.టి.ఆర్.లే. కెమెరా వెంట్రుకవాసి కదిలినా, లెక్క ఒక క్షణం తప్పినా బండారం బయటపడుతుంది. ఇక్కడే కె.వి.రెడ్డి క్యాషియర్ బుద్ధి అక్కరకొచ్చింది. చిత్రీకరణకు ముందే స్టాప్ వాచ్ పట్టుకుని ప్రతి సన్నివేశానికి నిడివి కట్టేవారు. సినిమా ఎంత పొడవు వస్తుందో కాగితం మీదే తేల్చేవారు.

ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ గురించి చెప్పకపోతే అన్యాయం. 'మాయాబజార్'లో పడవ మీద పాటను వెన్నెల్లో తీశారనుకుంటాము. అది చాలావరకు స్టూడియో దీపాలతో పుట్టించిన వెన్నెల. నీళ్ల మీద తళుకు, ముఖాల మీద మెత్తని వెలుగు, వెనుక చీకటి కనబడగానే మెదడు రాత్రి అని తీర్పు చెప్పేసింది. ద్వారక కూడా అంతే. సుమారు 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పులో కట్టిన బొమ్మ నగరం అది. పక్కన కొలిచి చూసేందుకు మనిషి లేడు గనుక మనకు మహానగరమైంది.

మాకు అన్నిటికన్నా గొప్పగా తోచే మాయలో మాత్రం కెమెరా పనేమీ లేదు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడుగా సావిత్రి నడిచే తీరు చూడండి. ముఖం సావిత్రిదే, మనకు కనబడేది ఎస్వీ రంగారావు. అలాగే ప్రియదర్శిని పెట్టె. ఎవరికి ఏది ఇష్టమో అదే కనబడుతుంది. బలరాముడికి దుర్యోధనుడు, శశిరేఖకు అభిమన్యుడు. కృష్ణుడు తెరిస్తే శకుని! రచయిత పింగళి నాగేంద్రరావు, కె.వి.రెడ్డి మనస్తత్వ శాస్త్రం చదివి పెట్టారో లేదో గాని, మనం చూడదలచిందే చూస్తామన్న సంగతి వాళ్లకు బాగా తెలుసు.

ఒక మాట చెప్పుకోవాలి. మా చిన్నప్పుడు మా ఊరికి ఒకాయన వచ్చి ఖాళీ చేతిలోంచి విబూది రాల్చాడు. మా అవ్వ కొంగున దాచుకున్న డబ్బంతా ఆయన పళ్లెంలో పెట్టింది. అందరూ ఆయన కుడిచేతినే చూశారు, ఎడమచేతిని ఎవరూ చూడలేదు. కె.వి.రెడ్డి చేసిందీ కనికట్టే. కాకపోతే మాయ అని పేరులోనే పెట్టి, టికెట్టు ఇచ్చి, ఆ తరువాతే చూపించారు. మా అవ్వకు ఎవరూ ముందుగా చెప్పలేదు.

చివరి సంవత్సరాలు ఆయనకు కలిసిరాలేదు. 1965లో 'సత్య హరిశ్చంద్ర' ఆడలేదు. 1968లో వచ్చిన 'ఉమా చండీ గౌరీ శంకరుల కథ', 'భాగ్యచక్రం' కూడా నిరాశపరిచాయి. మా ఉద్దేశంలో ఆయన పనితనం తగ్గలేదు. ఒకసారి గుట్టు పట్టిన కన్ను రెండోసారి అంత సులువుగా లొంగదు, ఆ కన్నుకు ఆ మాయలు అలవాటైపోయాయి. రేపు ప్రేక్షకుడు ఎటు చూస్తాడో ఏ స్టాప్ వాచ్ చెబుతుంది? 1971లో ఎన్.టి.ఆర్. కథానాయకుడిగా 'శ్రీకృష్ణ సత్య' తీశారు. అదే ఆఖరుది. 1972 సెప్టెంబర్ 15న కన్నుమూశారు. అప్పటికి వయసు 60 ఏళ్లు. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1987లో ఒక్క మాట లేకుండా 'పుష్పక విమానం' నడిపించారు.

2010లో 'మాయాబజార్'కు రంగులు అద్ది మళ్లీ విడుదల చేశారు. ఈ వార్షికోత్సవం రాత్రి హాస్టల్ ఆవరణలో తెర కట్టి ఆ సినిమానే వేస్తారట. రంగులదా, నలుపు తెలుపుదా అన్నది తమ్ముళ్ల మధ్య ఇంకా తేలలేదు. మా ఓటు నలుపు తెలుపుకే. ఆ వెన్నెలకు ఎవరి రంగు వాళ్లం వేసుకోవచ్చు.