వేలూరు డాక్టరమ్మ ఐడా స్కడర్

మన పలమనేరులో ఏ ఇంట పెద్దజబ్బు వచ్చినా ముందుగా వచ్చే మాట వేలూరు. చిత్తూరు మీదుగా పోయేవారు కొందరు, గుడియాత్తం దారిన పోయేవారు కొందరు. నయమై వచ్చేవారు నయమై వస్తారు. ఇక చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకుపొండి అని పంపించిన దాదీలను, నానాలను కూడా ఆ దారినే తెచ్చుకుంటాము. ఆ తర్వాత ఆ మంచం దగ్గర కూర్చోవడం ఎవరు నేర్పాలి? వైద్యవిద్యార్థులకైనా ఎవరు నేర్పారు? ఆ ఆసుపత్రిని స్థాపించిన డాక్టర్ ఐడా స్కడర్ జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందుంచడానికి కారణం ఇదే.

ఐడా 1870 డిసెంబరు 9న రాణిపేటలో పుట్టారు. తాత, తండ్రి ఇద్దరూ అమెరికా నుండి వచ్చిన మిషనరీ వైద్యులు. వీరి ఆర్కాటు మిషనుకు 1860ల నాటికే పలమనేరులోనూ ఒక కేంద్రం ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు పలమనేరు, వేలూరు, రాణిపేట అన్నీ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. కనుక ఆమెను పరాయి ఊరి మనిషి అనుకోనక్కరలేదు.

చిన్ననాడు చూసిన కరువు, పేదరికం ఐడాకు ఈ దేశమంటే విముఖత కలిగించాయి. అమెరికాలో చదువుకొని అక్కడే సంసారం చేసుకోవాలని ఆమె కోరిక. 1890లో తల్లి సోఫియాకు జబ్బు చేస్తే, సేవ చేసి తిరిగి పోదామని మాత్రమే తిండివనం వచ్చారు.

అక్కడ ఒక రాత్రి ముగ్గురు మనుషులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి తలుపు తట్టారు. మొదట ఒక బ్రాహ్మణుడు, తర్వాత ఒక ముస్లిం, ఆ తర్వాత ఇంకొక హిందువు. ముగ్గురి భార్యలూ కాన్పు కాక కష్టపడుతున్నారు. ఐడా తన తండ్రిని తీసుకుపొమ్మన్నారు. మగ డాక్టరు వద్దు, నీవే రావాలి అన్నారు వారు. ఆమెకు వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఈ కథ చెప్పేవారు కొందరు పరదాను నిందించి ఊరుకుంటారు. ఆ రాత్రి మూడు రకాల ఇళ్లలోనూ ఒకే కట్టుబాటు ఉండినది. ఐడా ఆ ఇళ్లవారిని నిందిస్తూ కూర్చోలేదు. లేనిది ఆడ డాక్టరు అని గ్రహించి, తానే ఆ డాక్టరు కావడానికి బయలుదేరారు. మేము గౌరవించేది ఈ ఆలోచననే.

1899లో కార్నెల్ వైద్యకళాశాల నుండి పట్టా పొందారు. 1900 జనవరిలో వేలూరు చేరారు. అదే సంవత్సరం తండ్రి చనిపోయారు. ఆడ డాక్టరుపై జనానికి మొదట నమ్మకం లేదు. బంగళాలో ఒక చిన్న గదిలో మొదలైన వైద్యం రెండేళ్లలో ఐదువేల మంది రోగులదాకా పోయింది. 1902లో 40 పడకల షెల్ ఆసుపత్రి తెరిచారు. 1909లో నర్సుల శిక్షణ మొదలైంది.

రోగి ఆసుపత్రికి రాలేకపోతే ఆసుపత్రే రోగి దగ్గరకు పోవాలని ఆమె పట్టుదల. మందులపెట్టెలతో గుడియాత్తం దారిలో పోతూ చెట్ల కింద ఆగేవారు. కుష్ఠురోగులు, పుండ్లు పడినవారు, నడవలేని ముసలివారు, ఎవరూ ముట్టనివారు అక్కడ కాచుకొని ఉండేవారు. తర్వాత ఆమె దగ్గర చదివిన విద్యార్థినులకు ఈ చెట్టునీడ కూడా ఒక తరగతి గది అయింది.

1918లో ఆడపిల్లలకు వైద్యపాఠశాల తెరుస్తానంటే, ముగ్గురు దొరికినా గొప్పే అన్నారట మద్రాసు పెద్దలు. 151 మంది దరఖాస్తు పెట్టారు! 1922లో మొదటి జట్టు చదువు ముగించుకొని బయటికి వచ్చింది.

ఇన్ని పనుల మధ్య తల్లిని మాత్రం ఆమె విడిచిపెట్టలేదు. సేవ చేసి పోదామని వచ్చిన కూతురి దగ్గరే సోఫియా ఉండి, 1925లో 86 ఏట కన్నుమూశారు.

ప్రభుత్వం పాత డిప్లొమా చాలదు, ఎం.బి.బి.ఎస్. స్థాయి ఉండాలన్నప్పుడు కళాశాల మూతపడే స్థితి వచ్చింది. 1941లో డెబ్బై ఏళ్లు దాటిన ఐడా విరాళాల కోసం అమెరికా పోయారు. 1942లో ఆడపిల్లలకు ఎం.బి.బి.ఎస్. మొదలైంది, 1947లో మగపిల్లలనూ చేర్చుకున్నారు. ఆమె తర్వాత కొద్దికాలానికే ఆ సంస్థకు తొలి భారతీయ డైరెక్టరు అయినవారు మన తెలుగునాట విశాఖపట్నంలో పుట్టిన డాక్టర్ హిల్డా మేరీ లాజరస్.

1960 మే నెలలో, 89 ఏట, కొడైకెనాల్‌లో ఐడా చనిపోయారు. నయంకాని రోగి బాధ తగ్గించే పాలియేటివ్ వైద్యం అనే పేరు అప్పటికి వాడుకలో లేదు. ఆ వైద్యానికి దారి చూపిన సిసిలీ సాండర్స్ లండనులో తన ఆసుపత్రి తెరిచింది 1967లో. మన దేశంలో ఎం.బి.బి.ఎస్. పాఠాలను 2019లో మార్చినప్పుడు వృద్ధుల వైద్యానికి ప్రత్యేకంగా చోటిచ్చారు. వేలూరులో మాత్రం ఈ రెండింటికీ వేరువేరు విభాగాలు ఏర్పడ్డాయి. అక్కడి వైద్యవిద్యార్థులను మొదటి సంవత్సరంలోనే పల్లెలో ఉంచి, ఇల్లిల్లూ తిప్పుతారు. మంచం మీది ముసలివారు ఏమి తింటున్నారో, ఎవరు చూస్తున్నారో విద్యార్థి కళ్లారా చూసేది అక్కడే. గుడియాత్తం దారిలోని కె.వి. కుప్పంలో ఆ కళాశాలవారే ఒంటరి వృద్ధులకు పగటి కేంద్రాలు పెట్టి అన్నం కూడా పెడుతున్నారు. మన ఆడపిల్లలలో డాక్టరు చదువుకు పోయేవారు ఉన్నారు కనుక ఈ సంగతి ఇంత విడమరచి రాశాము.

1902లో తెరిచిన ఆ షెల్ ఆసుపత్రి తర్వాత కంటి ఆసుపత్రి అయింది. శుక్లాలు తీయించుకోవడానికి మన పెద్దవారు పోయేది అక్కడికే.