మార్జరీ వారెన్

మార్జరీ విన్సమ్ వారెన్ (అక్టోబరు 28, 1897 - సెప్టెంబరు 5, 1960) ఇంగ్లాండుకు చెందిన ప్రసిద్ధ వైద్యురాలు. బ్రిటనులో వృద్ధుల వైద్యం ఒక ప్రత్యేక శాఖగా రూపొందడానికి ఈమె కృషే మూలం. మంచం పట్టిన వృద్ధులను నయం కానివారిగా భావించి వదిలివేసే రోజులలో, ఈమె ఒక్కొక్కరినీ స్వయంగా పరీక్షించి, ఎవరికి ఏ వైద్యం అవసరమో, అందులో ఎంత అందకుండా పోయిందో తేల్చి చూపింది.

బాల్యం, విద్యాభ్యాసం

వారెన్ లండనులో జన్మించింది. తండ్రి న్యాయవాది. ఐదుగురు కుమార్తెలలో ఈమె పెద్దది. నార్త్ లండన్ కాలేజియేట్ పాఠశాలలోను, తరువాత మహిళల కొరకు నెలకొల్పిన లండను వైద్య కళాశాలలోను చదివి 1923లో వైద్య పట్టా పొందింది. 1926లో లండనుకు పశ్చిమాన ఐల్‌వర్త్‌లోని ఆసుపత్రిలో సహాయ వైద్యాధికారిగా చేరింది. ఇదే తరువాత వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి అయింది. తొలి రోజులలో ఈమె ఆసక్తి శస్త్రచికిత్స వైపు ఉండేది. వృద్ధుల వైద్యం ఈమె కోరి ఎంచుకున్న రంగం కాదు, ఉద్యోగబాధ్యతగా వచ్చిపడినది.

714 మంది రోగులు

ఇంగ్లాండులో పేదల చట్టం క్రింద నడిచిన అనాథాశ్రమాలలో, వాటికి అనుబంధంగా ఉన్న వైద్యశాలలలో దీర్ఘరోగులైన వృద్ధులను ఉంచేవారు. 1929 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ఈ సంస్థలను స్థానిక పాలకమండలులకు అప్పగించింది. ఆ క్రమంలో 1935లో పక్కనే ఉన్న అటువంటి సంస్థ వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి అధీనంలోకి వచ్చింది. అందులోని 714 మంది దీర్ఘరోగుల బాధ్యత వారెన్ మీద పడింది.

వీరిలో అనేకులు ఏళ్ళ తరబడి పడకల మీదనే ఉన్నవారు. పక్షవాతం వచ్చినవారు, ఎముక విరిగినవారు, మతి తప్పినవారు, కేవలం చూసే దిక్కులేనివారు ఒకే వార్డులో కలిసి ఉండేవారు. రోగనిర్ధారణ సరిగా జరిగినవారు తక్కువ. కదలిక లేక కీళ్ళు బిగుసుకుపోయేవి, ఒంటికి పుండ్లు పడేవి. అలా మంచాన ఉంచడం వల్ల వచ్చిన అశక్తతనే ముసలితనంగా లెక్కగట్టేవారు. వైద్యసేవ దూరాన్ని మనం సాధారణంగా మైళ్ళలో కొలుస్తాము. ఈ వృద్ధులు మాత్రం వైద్యశాల కప్పు క్రిందనే ఉండి కూడా వైద్యుడికి దూరంగా ఉన్నారు.

వారెన్ అందరినీ వరుసగా పరీక్షించి, లేచి తిరగగలవారు, మంచాన ఉన్నా మలమూత్రాలపై అదుపు ఉన్నవారు, అదుపు లేనివారు, మతిమరుపు ఉన్నా ఇతరులకు ఇబ్బంది కలిగించనివారు, తీవ్రమైన మతిభ్రంశం ఉన్నవారు అని ఐదు తరగతులుగా విభజించింది. ఈ పేర్లు నేటి చెవికి కటువుగా తోచవచ్చును. కాని ఎవరికి ఏ చికిత్స, ఏ చోటు తగినదో నిర్ణయించడానికి అదివరకు ఏ ఆధారమూ లేదు.

వార్డుల రూపు కూడా మారింది. గోడలకు లేత రంగులు వేయించి, వెలుతురు పెంచి, పట్టుకొని నడవడానికి కమ్మీలు, అనువైన కుర్చీలు, ఊతకర్రలు సమకూర్చింది. నర్సులు, వ్యాయామ చికిత్సకులు, సాంఘిక సేవకులు కలిసి పనిచేసే పద్ధతి ప్రవేశపెట్టింది. పక్షవాత రోగులను, కాలు తొలగించబడినవారిని తిరిగి నడిపించడంలో ఈమెకు ప్రత్యేక శ్రద్ధ ఉండేది. చాలామంది లేచి తిరిగారు, కొందరు ఇళ్ళకు చేరారు. కాలక్రమంలో పడకల అవసరం 240కి తగ్గింది. మిగిలిన పడకలను ఊపిరితిత్తుల వ్యాధిగ్రస్తులకు ఇవ్వగలిగారు.

రచనలు, ప్రభావం

జెరియాట్రిక్స్ అనే పదాన్ని 1909లోనే అమెరికాలో ఇగ్నాట్జ్ నాషర్ ప్రవేశపెట్టాడు. పేరు ఉన్నా దానికి తగిన ఆసుపత్రి విభాగాలు బ్రిటనులో లేవు. 1943లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో, 1946లో లాన్సెట్‌లో ప్రచురించిన వ్యాసాలలో వారెన్ దీనిని చర్చించింది. దీర్ఘరోగులైన వృద్ధులకు సాధారణ ఆసుపత్రిలోనే విభాగం ఉండాలనీ, వైద్య విద్యార్థులకు ఈ విషయం బోధించాలనీ ఈమె వాదన. వృద్ధులను విడిగా దూరపు భవనాలలో ఉంచితే పరీక్షా సౌకర్యాలు, నిపుణుల సలహా వారికి అందవన్నది ఇందుకు ముఖ్య కారణం.

1947లో వృద్ధుల సంరక్షణ కొరకు వైద్యుల సంఘం ఏర్పడినప్పుడు ఈమె అందులో పాల్గొన్నది. ఆ సంఘమే 1959లో బ్రిటిష్ జెరియాట్రిక్స్ సొసైటీగా పేరు మార్చుకుంది. 1948లో జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైన తరువాత ఈ శాఖ దేశమంతటా విస్తరించింది. అదే సంవత్సరం జోసెఫ్ షెల్డన్ వుల్వర్‌హాంప్టన్ నగరంలో ఇళ్ళలో నివసించే వృద్ధులపై జరిపిన సర్వే గ్రంథరూపంలో వెలువడింది. వారెన్ పరిశీలన ఆసుపత్రిలో చేరినవారికి పరిమితం కాగా, గడప దాటలేని వృద్ధుల స్థితిని షెల్డన్ వెలికితీశాడు. ఈ రెండూ కలిపి చూస్తేనే చిత్రం పూర్తవుతుంది.

మరణం, అనంతరం

1960 సెప్టెంబరులో ఐరోపా పర్యటనలో ఉండగా జరిగిన కారు ప్రమాదం వల్ల వారెన్ 62వ ఏట మరణించింది.

వారెన్ ఫలితాలు ఒక ఆసుపత్రి అనుభవం నుండి వచ్చినవే. చికిత్స పొందినవారిని పొందనివారితో పోల్చే ప్రయోగం ఆనాడు జరగలేదు. రోజువారీ పనులు స్వయంగా చేసుకొనే శక్తిని అంకెలలో కొలిచే కాట్జ్ సూచిక 1963లో, బార్తెల్ సూచిక 1965లో వచ్చాయి. 1984లో లారెన్స్ రూబెన్‌స్టీన్ బృందం అమెరికాలో ప్రచురించిన అధ్యయనంలో, ఈ విధమైన సమగ్ర పరీక్ష జరిపే ప్రత్యేక విభాగంలో చేరిన వృద్ధులలో మరణాలు మామూలు వైద్యం పొందినవారిలోకంటే తక్కువగా ఉన్నట్లు తేలింది.