రామప్ప గుడికి గ్రంథం రాసిన యాజ్దానీ

పాలంపేట: ములుగు జిల్లాలోని రామప్ప గుడి 2021 జులై 25న ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. అంతకు 99 ఏళ్ల క్రితమే, 1922లో, పాలంపేట ఆలయాల మీద ఒక గ్రంథం అచ్చయింది. దాన్ని రాసినవారు హైదరాబాదు సంస్థాన పురావస్తు శాఖ డైరెక్టరు గులాం యాజ్దానీ. పాత కట్టడాలను కాపాడడానికే జీవితాన్ని వెచ్చించిన ఆయన పేరు ఈ ప్రాంతంలో కొద్దిమందికే తెలుసు.

యాజ్దానీ 1885 మార్చి 22న ఢిల్లీలో జన్మించారు. అక్కడి సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో చదువుకున్నారు. అరబ్బీ, పార్సీ భాషలలో పండితుడు. పాత శాసనాలు చదవడంలో దిట్ట అని చిన్న వయసులోనే పేరు తెచ్చుకున్నారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పినప్పుడు దాని బాధ్యత ఆయనకు అప్పగించారు. 1943లో పదవీ విరమణ చేసే వరకు, అంటే దాదాపు 30 ఏళ్లు, ఆ శాఖను ఆయనే నడిపారు.

శాఖ కొత్తది, పని కొండంత. వరంగల్లు కోట, వేయిస్తంభాల గుడి, గోలకొండ, బీదరు, గుల్బర్గా, ఎల్లోరా, అజంతా అన్నీ ఆ సంస్థానంలోనివే. పాడుబడిన కట్టడాల రాళ్లు ఇళ్ల గోడలకు తరలిపోవడం ఆ రోజుల్లో దేశమంతటా మామూలే. కప్పుల మీద రావి, మర్రి మొలిచి వేళ్లు రాళ్లను చీల్చేవి. వాననీరు ఇంకి గోడలు కుంగేవి. యాజ్దానీ గుడి, మసీదు, బౌద్ధ గుహ అనే తేడా చూడలేదు. అన్నింటినీ ఒకే శ్రద్ధతో పట్టించుకున్నారు.

రామప్ప గుడిని కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. ఈ గుడి ప్లాను, కొలతలు, స్తంభాల చెక్కడం, అరుగు చుట్టూ సాగే శిల్పాల వరుసలు, మదనికల బొమ్మలు అన్నింటినీ యాజ్దానీ తన గ్రంథంలో ఫొటోలతో సహా వివరించారు. ఏ రాయి ఎక్కడ ఉందో రాతలో ఉంటేనే తరువాతివారు దాన్ని సరిగా నిలబెట్టగలరు. మరమ్మతుకు మొదటి మెట్టు ఇదే.

పాతదాన్ని పాతదిగానే నిలపాలి

ఆ కాలంలో దేశంలోని పురావస్తు శాఖకు అధిపతి సర్ జాన్ మార్షల్. కట్టడాల సంరక్షణకు ఆయన రాసిన నియమాల పుస్తకం 1923లో వెలువడింది. పాతదాన్ని చెడనివ్వకుండా నిలబెట్టాలే గాని కొత్తదిగా మార్చరాదన్నది అందులోని సారం. విరిగిన శిల్పానికి ఊహతో కొత్త ముక్కు, కొత్త చేయి అతికించడం తగదు. ఆధారం కావలసినచోట పెట్టేది సాదాగా, కొత్తదని తెలిసేటట్టు ఉండాలి. పూజలు జరిగే ఆలయాలలో మాత్రం అవసరాన్ని బట్టి కొంత ఎక్కువ మరమ్మతు చేయవచ్చు.

యాజ్దానీకి అన్నిటికన్నా పెద్ద పరీక్ష అజంతాలో ఎదురైంది. గుహల గోడల మీది చిత్రాలు పూతతో సహా పెళ్లలుగా ఊడి పడుతున్నాయి. ఊరుకుంటే కళ్లముందే పోతాయి, చెయ్యి వేస్తే చెడతాయన్న భయం. సంస్థానంలో ఉన్నతాధికారి అక్బర్ హైదరీ అండతో ఇటలీ నుంచి నిపుణులను రప్పించారు. లొరెంజో చెక్కోని, ఆయన సహాయకుడు ఒర్సిని 1920 నుంచి 1922 వరకు రెండు శీతకాలాలు పనిచేశారు. ఊడుతున్న పూతను గోడకు అంటించి నిలిపారు. చాలా చిత్రాలు దక్కాయి.

అయితే చిత్రాల మీద పూసిన లక్క వార్నిషు కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, రంగులను మసకబార్చింది. దాన్ని తొలగించడానికి తరువాతి కాలంలో కేంద్ర పురావస్తు శాఖ రసాయన నిపుణులు ఏళ్ల తరబడి శ్రమించవలసి వచ్చింది. మంచి మనసుతో చేసిన పని కూడా ఇలా ఎదురు తిరగవచ్చు. అందుకే నేటి నిపుణులు అవసరమైనంత మేరకే తాకాలనీ, వాడిన మందు రేపు తీసేయడానికి వీలుండాలనీ అంటారు.

యాజ్దానీ అజంతా చిత్రాలను రంగుల ఫొటోలతో 4 భాగాలుగా 1930 నుంచి 1955 వరకు ప్రకటించారు. అప్పటి మెదకు జిల్లా కొండాపురంలో శాతవాహనుల కాలపు పట్టణాన్ని ఆయన హయాంలోనే తవ్వారు. 1947లో బీదరు కట్టడాలపై గ్రంథం, 1960లో ఆయన సంపాదకత్వాన దక్కను ప్రాచీన చరిత్ర వెలువడ్డాయి. భారత ప్రభుత్వం 1959లో పద్మభూషణ్ ఇచ్చి గౌరవించింది. 1962 నవంబరు 13న హైదరాబాదులో కన్నుమూశారు.

ఊరి గుడి బాగుచేయాలని తలపెట్టే పెద్దలకు ఆయన జీవితంలో నేర్చుకోదగినది ఉంది. శాసనం మీద సున్నం కొడితే అక్షరాలు కనపడకుండా పోతాయి. శిల్పాలకు ఆయిలు పెయింటు వేస్తే చెక్కడం మూసుకుపోతుంది. గచ్చుతో కట్టిన పాత గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే నిలిచి రాయి పొరలు విడుస్తుంది. పని మొదలుపెట్టేముందు ఫొటోలు తీయించి, పురావస్తు శాఖవారిని అడగడం మేలు. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలను 2010 నాటి చట్ట సవరణ నిషేధించింది. ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి.

కొత్త గుడి ఎప్పుడైనా కట్టుకోవచ్చు. 800 ఏళ్ల నాటి గుడి ఒకసారి చెడితే మళ్లీ రాదు.