అంధులకు దారి చూపిన డొరొతీ యూస్టిస్

మానవునికి, శునకానికి గల అనుబంధం అతి ప్రాచీనమైనది. వేటలో తోడుగా, ఇంటికి కాపరిగా శునకం మనిషిని సేవిస్తూ వచ్చింది. మైలవరం, నూజివీడు ప్రాంతాల మామిడితోటలలో కావలివానికి రాత్రివేళ అదే తోడు. అటువంటి విశ్వాసాన్ని అంధుల స్వేచ్ఛాజీవనానికి ఆధారంగా మలచిన మహనీయురాలు డొరొతీ యూస్టిస్.

ఆమె 1886 మే 30వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో జన్మించారు. అనంతరకాలంలో స్విట్జర్లాండులోని వెవే పట్టణ సమీపాన 'ఫార్చునేట్ ఫీల్డ్స్' అనే కేంద్రాన్ని నెలకొల్పారు. అక్కడ జర్మన్ షెపర్డ్ జాతి కుక్కలను పెంచి, పోలీసు, సైనిక విధులకు తర్ఫీదు ఇప్పించారు. మొదటి ప్రపంచయుద్ధంలో చూపు కోల్పోయిన సైనికుల కోసం జర్మనీ దేశీయులు మార్గదర్శక శునకాలను తయారుచేయసాగారు. పోట్స్‌డామ్‌లోని అట్టి శిక్షణాలయాన్ని దర్శించి ముగ్ధురాలైన డొరొతీ, 1927 నవంబరులో ఒక అమెరికన్ వారపత్రికలో దానిని గురించి వ్యాసం రాశారు.

ఆ వ్యాసం నాష్‌విల్ నగరవాసి మోరిస్ ఫ్రాంక్ జీవితాన్ని మలుపు తిప్పింది. ఆరేళ్ల వయస్సులో ఒక కన్ను, పదహారేళ్ల వయస్సులో రెండవ కన్ను పోగొట్టుకున్న యువకుడతడు. వీధిలోకి రావాలంటే పరుల చేయి పట్టుకోక తప్పేది కాదు. తనకు ఒక శునకాన్ని ఇప్పిస్తే, తనవంటి వారందరికీ ఆ భాగ్యం కలిగేలా కృషి చేస్తానని అతడు లేఖ రాశాడు. అంతవరకు డొరొతీ కేంద్రంలో అంధుల కోసం ఒక్క కుక్కకైనా శిక్షణ ఇచ్చి ఎరుగరు. అయినా ఆమె ఆ అభ్యర్థనను తోసిపుచ్చలేదు.

1928లో ఫ్రాంక్ స్విట్జర్లాండు చేరి, 'బడ్డీ' అనే శునకంతో కలిసి శిక్షణ పొందాడు. ఈ విద్య శునకానికెంత అవసరమో యజమానికీ అంతే అవసరం. ఎటు వెళ్లాలో నిర్ణయించేది మనిషి. మెట్లు, గోతులు, తలకు తగిలే కొమ్మలు గమనించి కాపాడేది శునకం. ఆజ్ఞాపాలనం కుక్కకు సహజగుణం. కాని, ముందుకు నడవమని యజమాని చెప్పినా, ఎదుట వాహనం వస్తుంటే కదలక నిలిచిపోవడం మార్గదర్శక శునకానికి ధర్మం. ఆ నిరాకరణను నమ్మి తానూ ఆగడం యజమాని నేర్వవలసిన పాఠం.

ఆ ఏడాది జూన్‌లో ఫ్రాంక్ న్యూయార్క్ చేరి, విలేకరులు చూస్తుండగా వాహనాలతో క్రిక్కిరిసిన వీధిని బడ్డీతో దాటాడు. 1929 జనవరి 29న డొరొతీ, ఫ్రాంక్ కలిసి నాష్‌విల్‌లో 'ది సీయింగ్ ఐ' సంస్థను స్థాపించారు. ఆమె తన ధనాన్ని, కాలాన్ని దానికి ధారపోశారు. కుక్కలకు ప్రవేశం లేదన్న రైళ్లలో, హోటళ్లలో మార్గదర్శక శునకాలకు అనుమతి సాధించడానికి ఫ్రాంక్ అవిశ్రాంతంగా శ్రమించాడు.

1946 సెప్టెంబరు 8న డొరొతీ కన్నుమూశారు. ఆ సంస్థ న్యూజెర్సీ రాష్ట్రంలోని మోరిస్‌టౌన్ కేంద్రంగా నేటికీ సేవలందిస్తున్నది. అంధులకు కావలసింది జాలి కాదు, తమంతట తాము నడవగల అవకాశమని ఆమె జీవితం చాటుతున్నది.