ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు

చీరాల, పేరాల అను జంటగ్రామములు సముద్రతీరమునకు చేరువ నున్నవి. మగ్గమును నమ్ముకొని జీవించువారు అచట మిక్కిలి కలరు. 1919వ సంవత్సరమున చెన్నపట్టణ ప్రభుత్వమువారు ఇచట అంతవఱకు నుండిన యూనియనును తొలగించి, పురపాలక సంఘమును నెలకొల్పిరి. దానితో ఏటికి సుమారు 4,000 రూపాయలుగా నుండిన పన్ను సుమారు 40,000 రూపాయలయ్యెను. జనసంఖ్య యన్ననో 15,000 మాత్రమే. పసిబిడ్డలను సైతము కలిపి లెక్కించినను, తలకు నాలుగణాల పైచిలుకుగా నున్నది రెండు రూపాయల పదణాలు దాటినది. దినమంతయు నేసినగాని పొయ్యి రాజని యింట ఈ లెక్క యెట్లు కుదురును?

జనులు మహజర్లు పంపుకొనిరి. ఫలము లేకపోయెను. అట్టి తరుణమున వారికి అండయై నిలిచినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు.

వీరు 1889వ సంవత్సరము జూన్ 2వ తేదీన నాటి కృష్ణాజిల్లా పెనుగంచిప్రోలున జన్మించిరి. తల్లిదండ్రులను పసితనముననే కోలుపోయి బంధువుల పోషణలో పెరిగిరి. కొంతకాలము బాపట్ల తాలూకా కచేరీలో ఉద్యోగము చేసిరి. ఆ కాగితముల నడుమ నిలువజాలక, మిత్రులు నడింపల్లి నరసింహారావుగారితో కూడి సీమకేగి, ఎడింబరో విశ్వవిద్యాలయమున ఎం. ఏ. పట్టము నందిరి. ఆనందకుమారస్వామిగారితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించిరి. ఆ గ్రంథము 1917లో అచ్చుపడినది. స్వదేశమునకు వచ్చి రాజమహేంద్రవరమునను, బందరు జాతీయ కళాశాలయందును అధ్యాపకులుగా నుండిరి గాని, పైవారి యభిప్రాయములకు తలయొగ్గు స్వభావము వారిది గాదు. ఆ కొలువులు నిలువలేదు.

చీరాలలో వారు ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠిని స్థాపించిరి. తోలుబొమ్మలాట, జముకులకథ, వీథిభాగవతము మొదలగువానిని పామరుల వినోదములని త్రోసివేయక ఆదరించిరి. తాటియాకుల గ్రంథములను సేకరించిరి. సీమ చదువు చదివినవాడు జముకులకథకు చెవియొగ్గుట నాడు వింతయే. అయినను, జనుల మనస్సు తెలిసికొనుటకు అంతకంటె దగ్గఱి త్రోవ మఱియొకటి లేకుండెను. వారు నిర్మించిన స్వచ్ఛంద సేవకదళమునకు శ్రీరామదండని పేరిడుటలో గల రహస్యము గూడ నిదియే. రామాయణము తెలియని యిల్లు చీరాలలో లేదు. వారధి కట్టుటకు ఉడుత సయితము వచ్చెనని యెఱిగినవారికి, చందా యనగా నేమి, కట్టుబాటు అనగా నేమి యని వేఱుగా బోధింపనేల? 1921 మార్చి, ఏప్రిల్ నెలల సంధిని బెజవాడలో అఖిలభారత కాంగ్రెసు సంఘము సమావేశమైనపుడు అచట చేరిన జనసమ్మర్దమును అదుపున నుంచినది ఈ దండే.

చీరాలవారు పన్ను చెల్లింప నిరాకరించిరి. పలువురు చెఱసాల కేగిరి. వారిలో రావూరి అలమేలుమంగమ్మగారను స్త్రీయు కలరు. బెజవాడ సభానంతరము గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి రెండు మార్గములను సూచించెను. ఊరనే యుండి శాంతముగా పన్నులు నిరాకరించుట యొకటి. పురపాలక సంఘపు ఎల్లలు దాటి వెడలిపోవుట రెండవది. కాంగ్రెసు సంస్థ యీ భారము వహింపదనియు, తమ బలముపైననే నిలువవలెననియు ఆయన ముందుగనే స్పష్టపఱచెను.

జనులు రెండవ త్రోవను పట్టిరి. ఆ వేసవియందు 15,000 మందిలో సుమారు 13,000 మంది ఇండ్లు విడిచిరి. పంట పండనియేడు కూలికై వలసపోవుట కఱవుసీమలలో కలదు. కాని, ఇండ్లుండి, పనియుండి, పట్టుదలకొఱకు ఊరంతయు కదలుట మిక్కిలి అరుదు. ఎల్లల కావల పాకలు వెలసెను. దానికి రామనగరని పేరు పెట్టిరి. మగ్గములు అచటికి చేరెను. కులకులమునుండి ప్రతినిధుల నెన్నుకొని సభ నేర్పఱచుకొనిరి. తగవులను పంచాయతియందే తీర్చుకొనిరి. ఎండకు పిదప వాన వచ్చెను, వానకు పిదప చలి వచ్చెను. తాటాకు కప్పుల క్రింద పదునొకండు మాసములు కాపురముండిరి.

ఇంత ఘనకార్యమునకు లోపము లేకపోలేదు. బొక్కసము ముందుగా కూర్చుకొనక కదలిరి. అన్నింటికిని గోపాలకృష్ణయ్యగారే దిక్కు. వారి చోట నిలువదగిన రెండవ మనుష్యుడు సిద్ధపడలేదు. ద్రవ్యము సమకూర్చుటకై వారు ఊరూరు తిరుగవలసి వచ్చెను. అట్లు పోయి బరంపురమున, మాటలాడరాదని దొరతనమువారు విధించిన నిషేధమును ధిక్కరింపగా, వారిని నిర్బంధించి ఒక సంవత్సరము శిక్ష విధించిరి. తిరుచిరాపల్లి చెఱసాలలో వారుండగా, రామనగరున్న భూమిపై ప్రభుత్వము అపరాధపు సుంకములు వేసెను. చేత కాసు లేదు, చెంత నాయకుడు లేడు. ఒక్కొక్క కుటుంబమే పాత యింటి తలుపు తెఱచుకొనెను. ఆ తలుపులు తెఱచినవారిని ఎవరును నిందింపరాదు. ఉన్నదంతయు ఊడ్చుకొని పోయిన పిమ్మటగాని వారు మరలలేదు.

చెఱ విడిచి వచ్చిన గోపాలకృష్ణయ్యగారు మరల రాజకీయములలో పాల్గొనిరి గాని, దేహము పూర్వమువలె సహకరింపలేదు. ఇంట లేమి, ఒంట క్షయ. చేయి చాచి అడుగుట వారి కలవాటు లేదు. ఊరికొఱకు యాచించినవారు తమకొఱకు యాచింపలేకపోయిరి. 1928వ సంవత్సరము జూన్ 10వ తేదీన పరమపదించిరి. అప్పటికి వారికి ముప్పదితొమ్మిది యేండ్లు నిండి ఎనిమిది దినములు మాత్రమే. ఆంధ్రరత్నమని ప్రజలు వారికిచ్చిన బిరుదము తరువాత బెజవాడ కాంగ్రెసు భవనమునకు పేరయ్యెను. పాకలు వెలసిన రామనగరు పేరు చీరాలవారి నోట నిలిచినది.